మా యారాలూ, అమెజాన్లూ

మా యారాలు, అంటే మా బావగారి భార్య, గద్వాలలో మగ్గం నేస్తుంది. నేను వనపర్తిలో ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెప్తాను. ఆమె మీద నాకు మొదటినుంచీ ఒక కుళ్లు ఉండేది. కోపం కాదు, కుళ్లే. ఏ పని మొదలుపెట్టాలన్నా మా అత్త ఆమెనే అడుగుతుంది. మా ఆయన తనకు బదిలీ అయిన సంగతి ముందు వదినెకు ఫోన్ చేసి, తర్వాత నాకు చెప్పాడు. వాటిని ఓర్చుకున్నాను. కానీ నా బిడ్డ సెలవులొస్తే చాలు, "పెద్దమ్మ దగ్గరికి పోత" అని బ్యాగు సర్దుకునేది. అది మాత్రం నాకు గొంతు దిగేది కాదు.

పోయినేడు ఆమెకు కుడి రొమ్ములో గడ్డ తేలింది. హైదరాబాద్‌ దవాఖానలో రొమ్ము తీసేశారు. ఇంటికి వచ్చాక నేను శనివారాలు బస్సెక్కి గద్వాల పోయేదాన్ని. వండేదాన్ని, బట్టలు ఉతికేదాన్ని. చూడవచ్చినవాళ్లంతా మంచం చుట్టూ చేరి, "ఎంత ధైర్యమమ్మా నీది" అని ఆమెను పొగిడేవాళ్లు. వాళ్లకు చాయ్ అందిస్తూ, జబ్బు మనిషిని చూసి కూడా కుళ్లుకుంటున్నానని నాకు తెలుస్తూనే ఉండేది. తెలిసినా ఆగేది కాదు.

ఒక శనివారం నా బిడ్డ కూడా వెంట వచ్చింది. ఏడో తరగతి. పెద్దమ్మ పక్కన చేరి ఫోన్‌లో ఒక బొమ్మ చూపించింది.

"పెద్దమ్మా, గ్రీకు కథలల్ల అమెజాన్లని ఆడోళ్ల తెగ ఉండెనంట. అందరు యుద్ధం చేసెటోళ్లే. బాణం గుంజనీకె అడ్డమొస్తదని కుడి రొమ్ము తీసేసుకునెటోళ్లంట. ఆ పేరుకు అర్థమే రొమ్ము లేనోళ్లని. ఇప్పుడు నువ్వు గుడ అమెజాన్‌వే."

యారాలు నవ్వింది. ఆపరేషన్ తర్వాత ఆమె నవ్వగా చూడటం అదే మొదలు. ఆ రోజు వచ్చిన ప్రతివాళ్లకూ "నా బిడ్డ నాకు పేరు పెట్టింది" అని చెప్పుకుంది. నా బిడ్డ అంది. ఆ 'నా' నాకు పంటి కింద రాయిలా తగిలింది.

వారమంతా ఆ మాట వెనకే పడ్డాను. కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు తిరగేశాను. మన 'అన్యాయం'లో ఉన్న 'అ' లాంటిదే గ్రీకులోనూ ఉంది, లేదని చెప్పడానికి. 'మాజోస్' అంటే రొమ్ము. పాతకాలం గ్రీకులు రెండూ కలిపి అర్థం చెప్పుకున్నారు. అయితే అది పేరును చూసి అల్లిన కథేనట. ఆ పేరు అసలు ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ తేల్చలేదట. వాళ్ల కుండల మీది బొమ్మల్లో ఆ ఆడవాళ్లకు రెండు రొమ్ములూ ఉంటాయి. చదివి సంతోషపడ్డాను. పెద్దమ్మకూ బిడ్డకూ మధ్య ఉన్నదాన్ని తెంపడానికి నాకు ఒక కత్తెర దొరికింది.

తర్వాతి శనివారం ఒక్కదాన్నే పోయాను. ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి చెప్పాను.

"అక్కా, పిల్ల చెప్పిన ముచ్చట నిజం కాదు. వాళ్లు ఏం కోసుకోలేదంట. పేరుకు ఎవరో అర్థం కట్టిన్రు, గంతే."

ఆమె ముఖం వాడుతుందేమోనని చూస్తున్నాను.

"నిజంగనా?"

"పుస్తకాలల్ల ఉంది."

"జర పానం తేలికైంది చెల్లె," అంది. "పిల్ల గంత సంబురంగ చెప్పె, కాదంటె చిన్నబోతదని నవ్విన. గప్పటి సంది ఎవరొచ్చినా ధైర్యంగ కూసోవాలె. నేనేమన్న యుద్ధానికని తీయించుకున్ననా? రోగమొచ్చింది, తీసిన్రు. దినాం ఏడుపొస్తది. ఎవరి ముందల ఏడ్వాలె?"

అంటూనే ఏడ్చింది. కొంచెం సేపటికి తలుపు వేయమని చెప్పి జాకెట్టు విప్పి చూపించింది. చదునైన చోట చంక దాకా అడ్డంగా కుట్టు మచ్చ. మా బావగారికి కూడా చూపించలేదట.

"నువ్వైతె ఉన్నది ఉన్నట్టు చెప్తవు," అంది.

నేను ఎందుకు చెప్పానో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

సంగతి తెలిసి నా బిడ్డ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. "నీకెందుకమ్మా గదంత? పెద్దమ్మకు మంచిగ అనిపిస్తుండె" అంది. చివరికి పెద్దమ్మే ఫోన్‌లో నచ్చజెప్పింది. అందుకూ నాకు కుళ్లే.

కుడి చెయ్యి లేవడానికి డాక్టర్ ఒక కసరత్తు చెప్పాడు. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లను మెల్లగా పైకి పాకించాలి. నేను పక్కన నిలబడి, వేళ్లు ఆగిన చోట పెన్సిల్‌తో గీత పెడతాను. మొదటిది భుజం కిందే ఆగింది. మొన్నటిది ఆమె నుదుటి ఎత్తుకు వచ్చింది.

"నొస్తుందా అక్కా?" అని అడిగాను.

"నొస్తది. నువ్వు గీత పెట్టు," అంది.