పిన్ని పేరు

బస్టాండులో అందరూ ఆవిడని బెంచీ మేడమ్ అంటారు. "బస్సెక్కదు, దిగదు, ఈవిడకేం పనిరా బాబూ!" అని మూటలు మోసేవాళ్లు నవ్వుకుంటారు. ఒంటరిగా వచ్చిన పిల్లల్ని ఎవరూ మాయమాటలు చెప్పి ఎత్తుకుపోకుండా చూడటమే ఆవిడ పని. ఆ పని అప్పజెప్పిన పిల్లల రక్షణ సంస్థవాళ్లిచ్చిన కార్డు సంచి అడుగునే ఉంటుంది. అది చూస్తే పిల్లలు పోలీసనుకుని పరుగు లంకించుకుంటారు. వాచిన పాదాలు చెప్పుల్లోంచి సగం బయటికి తీసి, ఆవలిస్తూ, పక్కన చోటు వదిలి కూర్చుంటుంది. మొన్న చేజారిపోయిన పిల్ల మొహం కళ్లలో మెదులుతుంటే నిద్రెక్కడ పడుతుంది?

ఆ సాయంత్రం పక్కన చేరిన పిల్లకి పదిహేనేళ్లుంటాయేమో. "మా బాబాయ్ పనిప్పిస్తానన్నాడు. టికెట్లకెళ్లాడు" అంది హుషారుగా. "మంచిదేనమ్మా. పిన్ని కూడా వస్తోందా? పేరేంటి ఆవిడది?" పిల్ల తడబడింది. "అడగలేదు. బాబాయే ఫోన్లో పరిచయం... అయినా మీకెందుకాంటీ, లాయర్లా ఈ ప్రశ్నలు?" ఆవిడ వాదించలేదు. వాదిస్తే పిల్లలు లేచి వెళ్లిపోతారని తెలుసు. కళ్లు నులుముకుంది.

అతను టికెట్లు ఊపుకుంటూ వచ్చాడు. "పదపద, బస్సు కదిలేలా ఉంది!"

పిల్ల లేవలేదు. "బాబాయ్, పిన్ని పేరేంటో చెప్పవా?"

"ఏ పిన్నే?" అని నవ్వాడతను.

పిల్ల సంచి ఒళ్లోకి లాక్కుని, బెంచీ మేడమ్ భుజానికి ఆనుకునేదాకా జరిగింది.

"మీరెళ్లండి. నేను రాను."