మూడో గొట్టాన్ని ఇచ్చి తెచ్చుకున్న ఆటగాడు

బహ్రెయిన్‌లో ఉన్నన్నాళ్లు నేను చెప్పిన అబద్ధాలన్నీ వరసగా పేరిస్తే సౌదీ దాకా సముద్రం మీద రెండో వంతెన లేచేది. నేను నిద్రపోయిన రోజు ఒక ఒంటె నా హెల్మెట్ పెట్టుకుని నాకు బదులు డ్యూటీకి నిలబడిందనీ, సాయంత్రం దానికి ఓవర్‌టైం కూడా రాశారనీ చెప్పాను. ఎవరూ నమ్మలేదు. మళ్లీ చెప్పమన్నారు. నా కథలకు అదే రక్షణ, ఎవరూ నమ్మకపోవడం. ఒక్కటి మాత్రం నమ్మారు.

అవి తొంభైల నాటి మాటలు. మా కంపెనీకి రెండు క్యాంపులు. మాది అవాలి వైపు, ఎడారి అంచున. రెండోది సీఫ్‌లో పెద్ద భవనాలు కట్టే వాళ్లది. శుక్రవారం వచ్చిందంటే టెన్నిస్ బంతికి కరెంటు టేపు చుట్టి రెండు క్యాంపుల వాళ్లం క్రికెట్ ఆడేవాళ్లం. ఆడేది పదకొండు మంది, అరిచేది నూట యాభై మంది. నేను అరిచే వాళ్లలో పెద్దను.

సీఫ్ జట్టులో ఒక ఆంధ్రా అతను ఉండేవాడు. నిలబడి కొడితే బంతి కోసం పక్క క్యాంపులో వెతకాలి. అతణ్ణి చూసినప్పుడల్లా మాకు కడుపు మండేది. ఆ రోజుల్లోనే మా సైటులో ఒక అమెరికా ఇంజనీరు వాళ్ల దేశపు బేస్‌బాల్ సంగతి చెప్పాడు. అక్కడ జట్లు ఆటగాళ్లను మార్చుకుంటాయట. ఎవరిని మారుస్తారో అతణ్ణి అడగరట. తన ఊరి జట్టు ఒకసారి బంగారంలాంటి ఆటగాణ్ణి ఇచ్చి దేనికీ పనికిరానివాణ్ణి తెచ్చుకుందట, వాళ్ల తాత చచ్చేదాకా దాన్నే తలచుకుని తిట్టుకున్నాడట. మేం ఆ కథ విని ఏడవలేదు. మనమూ ఒక మార్పిడి చేద్దాం, తిట్టుకోవడం సీఫ్ వాళ్లకు వదిలేద్దాం అనుకున్నాం.

మా ఫోర్‌మన్ గోదావరి జిల్లా ఆయన. ఆట పిచ్చి మాకంటే ఎక్కువ. "ఒకే కంపెనీ కాబట్టి మార్చడం కష్టం కాదయ్యా. కానీ కాగితం మీద పనికి పని సరిపోవాలి. ఆ కుర్రాడు స్కాఫోల్డర్. మనం కూడా పరంజా కట్టేవాణ్ణే ఇవ్వాలి. నా దగ్గరున్నది ఇద్దరే, వాళ్లను వదల్ను" అన్నాడు.

"సన్నోన్ని ఇద్దాం సార్," అన్నాను నేను.

సన్నోడు మా గదిలో కింది మంచం అతను. జగిత్యాల వైపు మనిషి, సిమెంటు కలిపే హెల్పర్. ఫీల్డింగ్‌లో బంతి అతని దగ్గరికి పోతే మేం ముందే కళ్లు మూసుకునేవాళ్లం. అతనికి ఎత్తంటే భయం. వచ్చిన కొత్తలో పై మంచం ఇస్తే రాత్రంతా కూర్చునే ఉన్నాడు. కింది మంచం వాడికి రెండు సబ్బులిచ్చి మార్చుకున్నాడు. ఆ సంగతి నాకు బాగా తెలుసు, సబ్బులు పుచ్చుకుని పై మంచానికి వెళ్లింది నేనే. సబ్బులు కూడా మంచివే.

సీఫ్ ఫోర్‌మన్ పంజాబు ఆయన. ఆయన ముందు టీ గ్లాసు పట్టుకుని నేను ఇలా చెప్పాను: భాయ్, ఈ మనిషి హైదరాబాదులో ఎనిమిదేళ్లు పరంజా కట్టాడు. ఒకసారి నీళ్ల ట్యాంకు మీద గాలికి ఒక గొట్టం ఊడిపోతే, మేస్త్రీ పడిపోకుండా రెండు గొట్టాల మధ్య తానే మూడో గొట్టమై పడుకున్నాడు. మేస్త్రీ అతని వీపు మీద నిలబడి పని ముగించి, బీడీ కాల్చుకుని మరీ దిగాడు.

గది గదంతా నవ్వాలి కదా. ఆయన నవ్వలేదు. "కమాల్ హై," అని మెచ్చుకుని కాగితం మీద సంతకం పెట్టాడు.

సంచి సర్దుకోమన్నప్పుడు సన్నోడు నా చెయ్యి పట్టుకున్నాడు. "నేనెన్నడు పరంజా ఎక్కలే కద అన్నా?"

"ఎక్కుడేందిరా. కింద నిలబడి గొట్టాలందియ్యాలె, గంతే."

అది రెండో అబద్ధం.

ఆ తరవాత మా శుక్రవారాలు పండగలు. కొత్తతను కొడుతుంటే మేం పళ్లాలు వాయించేవాళ్లం. సీఫ్ వాళ్లు సన్నోణ్ణి బౌండరీ దగ్గర నిలబెట్టి "ఓ తీస్రా పైప్!" అని పిలిచేవాళ్లు. మూడో గొట్టం. నా కథ నాకంటే ముందు ఆ క్యాంపుకి చేరిపోయింది.

ఏడాది చివర కప్పు ఎవరిదో తేల్చే మ్యాచ్‌ను ఫైనల్ అనేవాళ్లం. ఆ ఫైనల్‌కు ముందు శుక్రవారం సన్నోడు నన్ను నీళ్ల ట్యాంకరు చాటుకు పిలిచాడు. బాగా చిక్కిపోయాడు.

"అన్నా, ఆరో అంతస్తుకు ఎక్కిస్తున్నరు. కాళ్లు వణుకుతయి. నాకు రాదంటే నవ్వుతున్నరు. ఎక్కువ తెలిసినోడు గిట్లనే అంటడట. నీ కథ అంత గట్టిగున్నది. నువ్వొచ్చి అబద్ధమని ఒక్క మాట చెప్పరాదె."

చెబితే మార్పిడి రద్దవుతుంది. కొత్తతను వెనక్కి పోతాడు. వారంలో ఫైనల్. నేను ఎంతసేపు ఆలోచించానో చెప్పమంటే చెప్పలేను, ఎక్కువసేపు మాత్రం కాదు.

"ఒక్క శుక్రారం ఆగు తమ్మీ. ఫైనల్ అయినంక నేనే వచ్చి చెప్త."

"ఫైనల్ అయినంకనా?"

"ఒట్టు."

మంగళవారం అతను ఆరో అంతస్తు నుంచి పడ్డాడు. నడుము విరిగింది. కాళ్లలో కదలిక పోయింది.

శుక్రవారం ఫైనల్ జరిగింది. సీఫ్ వాళ్లు పది మందితోనే ఆడారు. మేం గెలిచాం.

మ్యాచ్ అయ్యాక మనామా ఆస్పత్రికి పోయాను. ఈసారి నిజంగా చెప్పేద్దామనే పోయాను. కంపెనీ మనిషి నష్టపరిహారం కాగితాలతో వరండాలో కూర్చుని ఉన్నాడు. మంచం దగ్గరికి వంగితే సన్నోడు మెల్లగా అన్నాడు: "ఇప్పుడు చెప్పకన్నా. పని రానోడు పైకెక్కిండంటే తప్పు నాదే అంటరు. ఉత్త చేతులతోని పంపిస్తరు."

నేను వరండాలోకి వచ్చి మొత్తం మళ్లీ చెప్పాను. ఎనిమిదేళ్లు, నీళ్ల ట్యాంకు, మేస్త్రీ. బీడీ మాత్రం తీసేశాను. కంపెనీ మనిషి తలూపుతూ రాసుకున్నాడు.

పోయిన నెల మేం పాత గదివాళ్లం ముగ్గురం అతని ఊరికి వెళ్లాం. అతను గోడకు ఆనించిన మంచం మీద ఉన్నాడు. మంచం కోళ్లు జానెడు కోయించుకున్నాడు. టీలు వచ్చాయి. మాట ఎప్పటిలాగే ఆ మార్పిడి మీదికి పోయింది. అతని ముందే. మాకు సిగ్గు లేకపోవడం కొత్త కాదు.

"ఏం మార్పిడిరా అది! సున్నానిచ్చి సెంచరీ తెచ్చుకున్నం," అన్నాడు ఒకడు. "నువ్వు ఏమనుకోకురా సన్నోడా."

"అనుకునేదేముంది," అన్నాడు అతను. తరవాత నా వైపు తిరిగాడు. "ఫైనల్ ఎప్పుడో అయిపోయింది కద అన్నా. ఇగ చెప్పరాదె."

చెప్పాను. నీళ్ల ట్యాంకరు చాటు, అతను అడిగిన ఒక్క మాట, నేను పెట్టిన ఒట్టు. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పనిది.

నా పక్కన కూర్చున్నవాడు తొడ చరిచి నవ్వాడు. "మొదలుపెట్టిండు మళ్ల! ఇది అతుకుత లేదురా. మూడో గొట్టమే బాగుండె, అది చెప్పు."

రెండోవాడు కూడా నవ్వాడు. ఒట్టు, నిజం అన్నాను. ఇంకా నవ్వారు.

సన్నోడు నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఫైనల్ల నా బదులొచ్చిన గాయన ఎన్ని రన్లు కొట్టిండన్నా?"

ఈ మాట నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. మిగతా ఇద్దరూ నవ్వు ఆపి నా వైపు చూశారు. వాళ్లకు గుర్తు లేదు. నాకు గుర్తుంది.

"పదకొండు," అన్నాను.

"పదకొండేనా?" అన్నాడు అతను.