మెలిక లేని దూది

మా పెద్దమ్మ మొండిఘటం. నూలు వడకడం తప్ప వేరే లోకం తెలీదు, వడకడంలో తనకు తెలీనిది ఒకటుందంటే ఒప్పుకోదు. ఆవిడ పెరట్లోని బూరుగు చెట్టు కూతురు చిన్నప్పుడు నాటింది. ఆ కూతురు, మా అక్క, జ్వరంతో పోయింది, ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం. పెద్దమ్మ అప్పుడు వడుకు షెడ్డులో ఉంది. ఆ సంగతి ఎప్పుడూ ఎత్తదు. ఆవిడ ఏడవగా నేను చూడలేదు.

అక్క పోయాక ఆ చెట్టుకు మొదటిసారి కాయలు పగిలాయి. కిటికీలోంచి పడే ఎండలో దూది నింపాదిగా తేలుతూ గదంతా తిరిగేది. ఆ మధ్యలో రాట్నం ముందు పెద్దమ్మ, కనురెప్పల మీద కూడా దూదితో, కలలో కూర్చున్నట్టు ఉండేది.

"దాని చేతి చెట్టే ఇది. ఒక్క దారమైనా తియ్యకపోతే నా వడుకెందుకు, తగలెయ్యనా?" అనేది.

దారం రాలేదు. లాగిన కొద్దీ జారిపోయింది. పెద్దమ్మ తిండి మానేసింది. "చేతులు చచ్చుబడ్డాయే నాకు," అంటూ ముఖం మాడ్చుకుంది.

నాకు ఒళ్ళు మండింది. మిల్లులో పోగులు పరీక్షించే పని నాది. చెయ్యి పట్టి లాక్కెళ్ళి మైక్రోస్కోపు ముందు కూలేశాను. ముందు పత్తి చూపించాను.

"కాయలో ఉన్నన్నాళ్ళూ ఇది సన్నటి తడి గొట్టం పెద్దమ్మా. కాయ పగిలాక ఆరిపోయి, చదునై, రిబ్బనులా మెలి తిరుగుతుంది. ఆ మెలికలే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఇన్నాళ్ళూ నువ్వు దారం తీసింది ఆ పట్టుతోనే."

"అమ్మో, ఎన్ని వంకర్లే!" అని నవ్వింది.

తర్వాత బూరుగు దూది పెట్టాను. గాజు గొట్టంలా నున్నగా, గుండ్రంగా ఉంది. లోపలంతా గాలే.

"దీనికి మెలిక లేదు, పట్టు దొరకదు. నీ చేతుల తప్పేం లేదు. పత్తి కలిపితే వస్తుంది."

"ఛీ! నా పిల్ల దూదిలో ఊళ్ళోవాళ్ళ పత్తి కలపాలా?" కయ్యిమని లేచి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళు నాతో మాటల్లేవు.

ఒక మధ్యాహ్నం తనే మిల్లుకొచ్చింది. చేతిలో దారం.

"కలిపాను. ఇక దెప్పకు. ఇందులో నా పిల్లది ఏదో చూపించు."

దారాన్ని కాస్త వదులు చేసి మైక్రోస్కోపు అద్దం కింద పెట్టాను. "అదిగో, తిన్నగా మెరుస్తున్నది."

పెద్దమ్మ కన్ను ఆనించింది. గోడ అవతల మిల్లు హోరు ఎక్కడో వాన పడుతున్నట్టు వినిపిస్తోంది. ఎంతసేపటికీ తల ఎత్తలేదు.

"అన్నివైపులా పట్టుకునే ఉన్నాయే దాన్ని," అంది మెల్లగా.

"అవును పెద్దమ్మా. అందుకే జారలేదు."

"ఆ రోజు నేనొక్కదాన్నైనా దాని పక్కన ఉండాల్సిందే," అంది. కన్ను అద్దం మీంచి తియ్యకుండానే భోరుమంది.