మోకాలి గురించి రాసిన ఒక్క మాట

మంగళవారం పొద్దున నేను పనిచేసే నర్సింగ్ హోమ్‌లో పెద్దవాళ్ళకి ఓట్స్ గంజి వడ్డిస్తుంటే ఆంటీ ఫోన్ చేశారు. "బ్రదర్, మీ అంకుల్ కుర్చీలోంచి లేవలేదు. అంబులెన్స్ వాళ్ళు వచ్చారు, వెళ్ళిపోయారు కూడా" అన్నారు. ఆ 'కూడా' అన్న చోట నాకంతా అర్థమైంది. గరిటె పక్కన పెట్టి స్టోర్ గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. ఆదివారాలు మీకు వాక్యం చెప్పే నేను అక్కడ ఓట్స్ డబ్బాల మీది అక్షరాలు చదివాను.

ప్రియులారా, మన సహవాసంలో అంకుల్‌ని ఎరగనివాళ్ళు లేరు. ఆయన పనేమిటో తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ. "కంప్యూటర్ పని" అని ఊరుకునేవారు. ఊరి అంచున క్లోనీ అనే పేటలో వాళ్ళింటి మేడమీద చిన్న గదిలో కూర్చుని ఆయన చేసింది మనుషుల్ని ఎంచే పని. అమెరికాలో కోడిగుడ్డులాంటి బంతితో ఆడే ఫుట్‌బాల్ ఉంది కదా, అక్కడి పెద్ద జట్లు ఏటా వసంతకాలంలో కాలేజీ ముగించే కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. అలాంటి ఒక జట్టు కోసం అంకుల్ ఆ కుర్రాళ్ళ ఆటల వీడియోలు చూసి, ఎవడు పనికొస్తాడో, ఎవడు రాడో రిపోర్టు రాసి పంపేవారు. ఊరి రేవు దగ్గర డాక్‌ల్యాండ్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయాక వీడియోలకి గుర్తులు పెట్టే చిన్న కాంట్రాక్టుతో మొదలుపెట్టి, జీవితంలో ఒక్కసారీ ఆ బంతి ముట్టుకోకుండా అక్కడిదాకా వెళ్ళారు.

మొదటిసారి ఆ గదిలో కూర్చున్నప్పుడు నాకు తలా తోకా తెలియలేదు. "బంతెక్కడుంది అంకుల్?" అన్నాను.

"బంతిని చూడకండి బ్రదరూ. ప్రపంచమంతా దాన్నే చూస్తుంది. బంతి లేనివాడేం చేస్తున్నాడో చూడండి."

నేను ఊరుకుంటానా! బైబిల్లో గిద్యోను యుద్ధం సంగతి ఎత్తాను. వేలమందిని ఏటి దగ్గరికి తీసుకెళ్ళి, నీళ్ళెలా తాగుతున్నారో చూసి మూడొందలమందిని ఏరాడు కదా అన్నాను. అంకుల్ వీడియో ఆపేశారు. "మంచి పద్ధతి. నీళ్ళు తాగేటప్పుడు తననెవరో చూస్తున్నారని ఎవడూ అనుకోడు" అన్నారు. కుర్చీ నావైపు తిప్పి, "మీరు మాత్రం ఆదివారం మైకు పట్టుకున్నవాళ్ళనే చూస్తారు. అందరికంటే ముందొచ్చి హీటర్ వేసే సిస్టర్ పేరు చెప్పండి చూద్దాం" అన్నారు. నాకు తెలియలేదు. రెండేళ్ళుగా ఆమె వేసిన వేడిలో నిలబడి ప్రేమ గురించి కేకలు వేస్తున్నాను నేను.

ఆయన నాకు గురువయ్యింది అలాగే. నేను బైబిల్ కాలేజీ గడప తొక్కినవాణ్ణి కాదు. భార్య నర్సు ఉద్యోగం వెంట ఈ దేశం వచ్చి, బస్సుల్లో చదువుకున్న వాక్యంతో నిలబడ్డవాణ్ణి. నా మొదటి ప్రసంగం గంటంపావు సాగింది. అయ్యాక, "ఎలా ఉంది అంకుల్?" అనడిగితే, "గ్రాండ్" అన్నారు. గుంటూరు జిల్లావాణ్ణి. మా వైపు పెళ్ళి గ్రాండ్‌గా చేశారంటే బ్యాండూ, పందిరీ, మూడు రకాల స్వీట్లూ. వారం రోజులు నేల మీద నడవలేదు నేను. తర్వాత ఈ ఊరి సంగతి తెలిసింది. ఇక్కడి ఐరిష్‌వాళ్ళ నోట గ్రాండ్ అంటే పర్వాలేదు, గడిచిపోతుంది అని. వెళ్ళి నిలదీస్తే అంకుల్ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. "పర్వాలేదనే కదా అన్నాను! ఆ పావుగంట లేకపోతే బాగుండేది."

నవ్వినాయన్ని ఆ మాటే ఒకసారి పట్టుకుంది.

ఒక ఏడాది ఒక కుర్రాడి గురించి రిపోర్టు రాశారు. బలంగా ఉంటాడు, బుద్ధిమంతుడు, కానీ ఎడమవైపు తిరిగేటప్పుడు ఒక చిన్న అడుగు అదనంగా వేస్తున్నాడు. కుడి మోకాలి మీద అంకుల్‌కి అనుమానం. ప్రస్తుతానికి నడుస్తుందన్న అర్థంలో, ఇరవయ్యేళ్ళుగా ఈ దేశంలో నలిగిన నాలుకతో, మోకాలు గ్రాండ్ అని రాసేశారు. చదివినవాళ్ళు అమెరికావాళ్ళు. బ్రహ్మాండంగా ఉందని అర్థం చేసుకున్నారు. కుర్రాణ్ణి జాబితాలో పైకి ఎక్కించి, ఆ సంతోషం చెప్పడానికి అంకుల్‌కి ఫోన్ కూడా చేశారు. అప్పటికి డ్రాఫ్ట్‌కి ఇంకా నాలుగు రోజులుంది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేరుస్తూ ఆయన నాకీ సంగతి చెప్పారు. "ఇప్పుడు సరిచేస్తే ఆ అబ్బాయిని ఎవరూ తీసుకోరు. వాళ్ళ అమ్మమ్మ పెంచిన పిల్లాడు. ఇంటిల్లిపాదీ ఆ రోజు కోసం కూర్చున్నారు."

నేను వెనకాడలేదు. అదే నా సిగ్గు. బైబిల్ చంకలో పెట్టుకుని మరీ చెప్పాను: "వదిలేయండి అంకుల్! బిలాము శపిద్దామని నోరు తెరిస్తే దేవుడు ఆ నోట దీవెన పలికించలేదా? యాకోబు కుంటుతూనే ఆశీర్వాదం పొందలేదా? ఆ మాట మీరు రాయలేదు, ఆయన రాయించాడు."

అంకుల్ చేతిలో కుర్చీతో అలాగే నిలబడ్డారు. "బిలాముకి బుద్ధి చెప్పడానికి గాడిదుంది బ్రదరూ. నాకు మీరున్నారు."

గాడిద మాట మాత్రం చెవిన పడి చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు, గొంతు తగ్గించారు. "అవునంటే అవునూ, కాదంటే కాదూ అనమన్నాడు కదా మీ ప్రభువు. నాది రెండూ కాకుండా పోయింది. ఆ కుర్రాడు మోకాలి మీద బరువేసి దూకుతాడు. దాని కింద నా సంతకం ఉంటుంది."

సోమవారం ఆయన జట్టువాళ్ళకి ఫోన్ చేసి తేటగా చెప్పారు. మోకాలు బాగాలేదు, ముందు డాక్టరుకి చూపించండి అన్నారు. డ్రాఫ్ట్ రోజున ఆ కుర్రాడి పేరు ఎవరూ పిలవలేదు. అంకుల్ అంతటితో ఆగలేదు. జట్టువాళ్ళ అనుమతి అడిగి, తనే అతనికి ఫోన్ చేసి, ఇది నా పొరపాటు, ఇది నా అనుమానం, నువ్వు స్కాన్ చేయించుకో అని చెప్పారు. అతను తిట్టిన తిట్లు తర్వాత ఆంటీ నాకు చెప్పబోయి, పాస్టరు చెవులని మానేశారు.

అప్పటినుంచి గురువారం ప్రార్థనలో అంకుల్ అడిగే మనవి ఒక్కటే, "ఒక మోకాలి కోసం." ఎవరిదో చెప్పేవారు కాదు. మీరంతా ఆయనదే అనుకుని ఏడాదిపాటు కన్నీళ్ళతో ప్రార్థించారు. లీక్స్‌లిప్ నుంచి వచ్చే ఒక పెద్దావిడ ఇండియా నుంచి నువ్వులనూనె తెప్పించి, "రెండు పూటలా మర్దనా చేయించుకో నాయనా" అని చేతిలో పెట్టింది. ఆయన రెండు చేతులతో తీసుకున్నారు. ఆ సీసా ఇంకా వాళ్ళ కిచెన్ ప్రెస్‌లో, అదే అల్మారాలో, ఉంది.

ఆ కుర్రాడు కోపం తగ్గాక స్కాన్ చేయించుకున్నాడు. లోపల సగం తెగి ఉందట. ఆపరేషన్ అయింది. పెద్ద జట్టులో మాత్రం ఎప్పుడూ ఆడలేదు. స్కాన్ కబురు తెలిసినప్పుడు నేను హల్లెలూయా అని అరిచాను. చూశారా, మీరు చేసిందే సరైంది అన్నాను. అంకుల్ తల అడ్డంగా ఊపారు. "మొదటే సరిగ్గా రాసుంటే వాణ్ణి మేడెక్కించి తోసేసేవాణ్ణి కాదు. దీనికి స్తోత్రం చెప్పకండి. రేపటి రిపోర్టు సరిగ్గా రాయాలని ప్రార్థించండి." ఆ తర్వాత ఆయన ప్రతి రిపోర్టునీ పంపేముందు ఆంటీకి గట్టిగా చదివి వినిపించేవారు. ఆమెకి ఆట తెలియదు. అర్థం కాని మాట దగ్గర చెయ్యెత్తాలి, అంతే. చెయ్యెత్తితే ఆయన ఆ మాట కొట్టేసేవారు.

శనివారం భూస్థాపన. సన్నటి జల్లు. మట్టి దగ్గర నిలబడి నేను ఆయన్ని పొగడబోయాను, నాకది అలవాటే. ఆగిపోయాను. ఈ మనిషికి ఒకప్పుడు నేను వాక్యం చేతపట్టుకుని తప్పు సలహా ఇచ్చాననీ, ఆయన దాన్ని తోసేసి నన్ను కాపాడారనీ మాత్రం చెప్పాను. పావుగంట కూడా పట్టలేదు.

ఇంటికొచ్చాక ఆంటీ టీ పెడుతూ ఫోన్ నా చేతికిచ్చారు. అంకుల్ పోయిన సంగతి ఆవిడ ఆ అబ్బాయికి రాశారట. జవాబుగా మాటల్లేవు, ఒక వీడియో ఉంది. ఇప్పుడతను వాళ్ళ ఊళ్ళో చిన్నపిల్లలకి ఆట నేర్పుతున్నాడు. వాన పడ్డ మైదానం. ఒక చిన్నపిల్ల బూటు తాడు ఊడింది. తలుపంత మనిషి ఆ బురదలో కుడి మోకాలు ఆనించి కూర్చుని ముడి వేశాడు. ముడి పడింది. ఆ పిల్ల అతని తలమీద చెయ్యి ఆనించి ఏదో చెబుతూనే ఉంది. ఆ కబురు అయ్యేదాకా అతను ఆ మోకాలి మీదే ఉన్నాడు.