వరసగా పెట్టిన బూట్లు

కాజితాని మిసావోకి కోపం ఎక్కువని ఇవాసుగె పోలీసు స్టేషన్లో అందరికీ తెలుసు. ఎందుకు ఎక్కువో అడిగిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు.

క్లూస్ టీంలో ఆమె పని అడుగుజాడలు చూడటం. ఫొటోలు సెరిజావా తీస్తాడు, వేలిముద్రలు ఒకరు చూస్తారు, కుక్కని ఇంకొకరు తెస్తారు. నేల మాత్రం మిసావోది. టార్చిలైటు నేలకి ఆనించి పెట్టి, ఏటవాలుగా పాకే వెలుతుర్లో మోకాళ్ళ మీద జరుగుతూ గుర్తులు వెతకాలి. దొరికినదాన్ని జిగురు పలక అతికించి ఎత్తాలి. ఇన్నేళ్ళూ ఇదే పని చేసి మోకాళ్ళు అరిగిపోయాయి. కింద కూర్చుంటే లేవడానికి గోడ సాయం కావాలి. ఇంతా చేస్తే ఆమెకి దొంగల మీద పెద్ద కోపం లేదు. దొంగ ఒక్కసారి తొక్కి తన దారిన తాను పోతాడు. తనకంటే ముందొచ్చి నేలంతా కలియదొక్కే సొంత డిపార్టుమెంటు వాళ్ళని చూస్తేనే ఆమెకి ఒళ్ళు మండుతుంది.

"ఏం బాబూ, చేపల మార్కెట్టుకొచ్చావా? కాళ్ళకి కవర్లు తొడుక్కోమని రోజూ నీ గడ్డం పట్టుకుని బతిమాలాలా?" అని గుమ్మంలోనే అరిచేది. మగవాళ్ళు నవ్వుకునేవారు. "వాకిలత్త వచ్చింది, కాళ్ళు కడుక్కోండ్రా" అని వెనక గొణిగేవారు. అది ఆమె చెవిన పడేది. పడాలనే వాళ్ళు గొణిగేవారు.

మిసావో తల్లి రేవు దగ్గర జాలర్లు దిగే చిన్న సత్రం నడిపేది. గుమ్మం దాటగానే పల్లం, పల్లం మీద మెట్టు. వచ్చినవాళ్ళు పల్లంలో బూట్లు విడిచి మెట్టెక్కి లోపలికి పోతే, ఆ బూట్ల ముక్కులు వీధివైపు తిప్పి జంటలుగా సర్దటం చిన్నప్పుడు మిసావో వంతు. పొద్దున్నే దిగేవాడు వెనక్కి తిరగకుండానే కాలు దూర్చుకోవాలి. ఒక్క జత వంకరగా కనపడితే తల్లి వేళ్ళ కణుపుల మీద గరిటెతో కొట్టేది. ఆ దెబ్బలకి ఇప్పటికీ, సినిమా హాల్లో ఎవరి గొడుగు పడిపోయినా మిసావో చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది. ఆ ఊళ్ళో పెరిగిన వాళ్ళందరి చేతులూ అంతే.

ఆ ఫిబ్రవరిలో మంచు విపరీతంగా పడుతున్న ఒక పొద్దున, కొండవాలు వీధిలో ఒంటరిగా ఉండే కాంబే అనే ముసలాయన తన ఇంట్లో, గుమ్మం లోపలి పల్లం మీది మెట్టు పక్కన తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. చూసింది థ్వా అనే వియత్నాం అమ్మాయి. ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి స్నానం చేయించి, అన్నం పెట్టి వచ్చే ఉద్యోగం ఆమెది. అంబులెన్సుకి ఫోన్ చేసింది కూడా ఆమే. స్ట్రెచర్ వీధి గుమ్మంలో పట్టదని వాళ్ళు పెరటి వసారా వైపు నుంచి వచ్చి, ప్రాణం లేదని చూసి, మళ్ళీ అటే వెళ్ళిపోయారు. వీధి గుమ్మంలోంచి మొదట లోపలికి వెళ్ళిన పోలీసు, డిటెక్టివ్ విభాగం పెద్ద ఇనుజుకా. క్లూస్ టీం వ్యాను మంచులో కూరుకుపోయి, ఆయన తరవాత చాలాసేపటికి గాని చేరలేదు.

సాయంత్రానికి థ్వాని స్టేషన్లో కూర్చోబెట్టారు. మర్నాటికి అరెస్టు చేశారు.

"ఏ ఆధారంతో?" అని మిసావో ఇనుజుకా బల్ల ముందుకి పోయి నిలబడింది.

ఆయన సెరిజావా తీసిన ఫొటో ముందుకి తోశాడు. పల్లంలో థ్వా కాన్వాస్ బూట్లు. ముక్కులు వీధివైపు, మడమలు మెట్టుకి ఆనించి, గీత గీసినట్టు ఉన్నాయి.

"తలుపు తీయగానే ముసలాయన పడి ఉన్నాడట, బూట్లు విసిరికొట్టి పరిగెత్తిందట. ఇవి విసిరికొట్టిన బూట్లేనా? చక్కగా తిప్పి, సర్ది, లోపలికి పోయింది. అంటే అప్పటికి ఆయన బతికే ఉన్నాడు. పక్కింటావిడ అరుపులు కూడా విన్నది."

"ఏమని అరిచిందట?"

"తాతా, తాతా అని. పోట్లాటే."

"చచ్చిపోతున్న మనిషిని తాతా అని కాక మరేమని పిలవాలండీ?"

"అదీగాక తప్పు ఒప్పుకుంది కూడా. అడిగినప్పుడల్లా 'క్షమించండి, క్షమించండి' అంటోంది."

మిసావోకి నెత్తిన నిప్పులు పోసినట్టయింది. ఈ దేశంలో అడుగుపెట్టిన పరాయి పిల్లలకి మనం మొట్టమొదట నేర్పేది ఆ ఒక్క మాటే కదా! బస్సులో కాలు తొక్కించుకున్నా అదే, మంచినీళ్ళు కావాలన్నా అదే. ఆ మాటని పట్టుకొచ్చి ఈ మహానుభావుడు నేరం ఒప్పుకోలు కింద రాసుకున్నాడు. రేపో మాపో సంతకం కూడా పెట్టించేస్తాడు. పెట్టిందంటే ఆ పిల్ల బతుకు జైలు పాలే.

ఆమె తన ఫొటోలు తెచ్చి బల్ల మీద పరిచింది. రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు బూట్లకి అంటుకుని, నీళ్ళు ఆరాక నేల మీద తెల్లటి మరకలు మిగులుతాయి. టార్చి వెలుతుర్లో పల్లంలో అలాంటివి రెండు కనిపించాయి. ఒకటి చెప్పుల బీరువా కింద అడ్డంగా, ఇంకొకటి తలుపు మూల పక్కకి దొర్లినట్టు. వరసగా ఉన్న బూట్ల కింద మరక లేనే లేదు.

"ముందు ఇక్కడొకటీ అక్కడొకటీ పడ్డాయి. నీళ్ళన్నీ అక్కడే కారాయి. తరవాత ఎవరో తీసి సర్దారు."

"ఆ అమ్మాయి రోజూ వచ్చేదే. నిన్నటి మరకలో, మొన్నటివో! బూట్లు సర్దింది ఎవరట? శవమా?" పక్కనున్నవాళ్ళు నవ్వారు. "కాజితాని గారూ, వచ్చే వసంతంలో రిటైరవుతున్నారు. హాయిగా ఇంట్లో కూర్చుని పూలకుండీలు చూసుకునే వయసులో ఈ రాద్ధాంతమంతా ఎందుకు చెప్పండి?"

ఎవరు సర్దారో ఆమెకి తెలుసు. ఆ గుమ్మంలోంచి ముందుగా వెళ్ళింది ఒక్కడే. కాని గుడ్డ బూట్ల మీద వేలిముద్ర నిలవదు. మొహం మీద అడిగితే ఆయన లేదనే అంటాడు. పైగా అది అబద్ధం చెప్పినట్టు కూడా కాదు, ఆయనకి నిజంగానే తెలియదు. ఆమెకి అసలు మంట అక్కడే. తెలిసి చేసినవాణ్ణి పట్టుకోవచ్చు. తనేం చేశాడో తనకే తెలియని పెద్దమనిషి ఒక పిల్లని లోపల కూర్చోబెట్టి, పొద్దుటినుంచీ పొద్దుపోయేదాకా అబద్ధాలకోరువని తిడుతున్నాడు.

ఇల్లు కాంబే కొడుక్కి అప్పగించేలోగా ఉప్పు మరకలు కళ్ళారా చూడాలని ప్రాసిక్యూటర్ నెమోతోకి మిసావో కబురు పెట్టింది. వయసులో చిన్నావిడైనా వినే ఓపిక ఉన్న మనిషి, వస్తానంది. ఇనుజుకా కూడా విసుక్కుంటూ బయల్దేరాడు.

ఆ రోజూ మంచు పడుతూనే ఉంది. తలుపు తీస్తూనే మిసావో "ఇటు, ఇటు రండి" అంటూ ఒక బూటు బీరువా వైపుకీ, ఇంకోటి తలుపు మూలకీ తన్నేసి, మోకాళ్ళ నొప్పి పంటి బిగువున భరిస్తూ గబగబా మెట్టెక్కింది. నెమోతో తన బూట్లు విడిచి, తిప్పి పెట్టుకుని వెనకే ఎక్కింది. చివర ఇనుజుకా. చలికి గొణుక్కుంటూ తన బూట్లు విప్పాడు, తిప్పాడు. తరవాత వంగాడు. బీరువా కిందనుంచి మిసావో బూటు రెండు వేళ్ళతో తీశాడు. మూలనున్నది కూడా తీశాడు. రెండిటినీ మడమ మడమ కలిపి, ముక్కులు వీధివైపుకి తిప్పి, మెట్టుకి ఆనించి పెట్టాడు. ఇంతసేపూ నోటితో మాత్రం రోడ్డు మీద మంచు తీయని మునిసిపాలిటీని తిడుతూనే ఉన్నాడు.

మెట్టు మీదనుంచి నెమోతో అంతా చూసింది.

"ఇనుజుకా గారూ, ఇప్పుడేం చేశారు మీరు?" అంది మిసావో.

"నేనేం చేశాను? బూట్లు విప్పుకున్నాను."

"మీవి సరే. నావి?"

ఆయన కిందికి చూశాడు. చెయ్యి ఇంకా ఆ మడమ మీదే ఉంది. కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు. మొహం కందిపోయింది.

"అది... అలవాటులెండి. చిన్నప్పటినుంచీ..."

"ఆ రోజు పొద్దున కూడా ఇదే అలవాటా?" అని నెమోతో మెల్లగా అడిగింది.

మిసావో మెల్లగా మాట్లాడలేదు. వీధి చివరికి వినపడేలా అరిచింది. "మీరు సర్దితే అలవాటు, అదే ఆ పిల్ల సర్దితే హత్యా? ముసలాయన రోజూ దాన్ని తిట్టేవాడట, బూట్లు తిప్పి పెట్టడం రాని జంతువువని. నేర్చుకుంది. రోజూ సర్దింది. ఒక్క రోజు, మనిషి ప్రాణం పోతోందని వదిలేసి పరిగెత్తింది. అదొక్కటీ ఆ పిల్లని కాపాడేది. దాన్ని కూడా మీరు ఒంగి సర్దేశారు!"

నెమోతో అక్కడినుంచే శవాన్ని చూసిన డాక్టరుకి ఫోను చేసింది. మెట్టు అంచున ఉన్న వెంట్రుకలు, నెత్తురు ముసలాయన తనంతట తాను జారిపడ్డ తీరుకే సరిపోతున్నాయని డాక్టరు ముందే రాసి ఇచ్చాడట. ఆ కాయితం చదివిన నాథుడు లేడు. సాయంత్రం థ్వాని వదిలేశారు. ఆధారాలు చాలలేదని ఒక్క ముక్క రాశారు. ఎవరి చెయ్యి ఏం చేసిందో అందులో లేదు. మిసావో ఆ ముక్క చదివి కాయితాన్ని బల్ల మీద విసిరికొట్టింది.

స్టేషను తలుపు లోపల థ్వా స్లిప్పర్లతో నిలబడి ఉంది. నాలుగు రోజులు తిండి లేనిదానిలా పాలిపోయింది. మిసావో కవరులోంచి కాన్వాస్ బూట్లు తీసి, కింద పెట్టి, ముక్కులు వీధివైపు తిప్పింది. తిప్పాక తన చెయ్యి తనకే అసహ్యమేసి, వెనక్కి తీసుకుంది.

"ఇక్కడే ఉంటావా అమ్మా?"

"వెళ్ళిపోతాను. మా ఊరికి." బూట్లకేసి చూస్తూ అడిగింది. "తాతకి... అన్నం గిన్నె పెట్టారా? దండం పెట్టే చోట?"

"పెట్టారు. వాళ్ళబ్బాయి పెట్టాడు."

థ్వా తలూపింది. లోపలినుంచి ఇనుజుకా వచ్చాడు. వెనక కుర్రకానిస్టేబుళ్ళు గుడ్లప్పగించి చూస్తుండగా, నడుము వరకూ ఒంగి నిలబడ్డాడు. బదులుగా ఆ అమ్మాయి నోట ఎప్పుడూ వచ్చే 'క్షమించండి' అన్న మాట వస్తుందని అందరూ ఎదురుచూశారు. అలవాటుకొద్దీ మిసావో కూడా చూసింది.

థ్వా ఆయనకేసి చూడలేదు, ఒంగలేదు, ఆ మాట అనలేదు. మడమలు తొక్కేసి బూట్లలో కాళ్ళు దూర్చి, తలుపు తీసినది తీసినట్టే వదిలేసి మంచులోకి నడిచి వెళ్ళిపోయింది. చలిగాలి లోపలికి కొడుతోంది. కానిస్టేబులొకడు తలుపు మూయబోయాడు.

"ఉండనీరా! కాసేపు వణకండి!" అని మిసావో అరిచింది.