పుంగనూరులో దిగని మనిషి

పెద్దనాయన పోయిన సంగతి టీ అంగడి భాయ్ ఫోన్ చేసి చెప్పాడు. నేనప్పుడు వాల్మీకిపురంలో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. "సగం టీ గ్లాసులోనే పెట్టేసి పోయినాడమ్మా నీ పెద్దనాయన. గోడకు ఆనుకోని ఉంటే కునుకు తీస్తాండాడేమో అనుకుంటి" అన్నాడు. అంతటితో ఫోన్ పెట్టేశాడు. మదనపల్లె బస్సెక్కి కూర్చున్నాక నాకు ఏడుపొచ్చింది. దాని వెనకాలే ఒక సంతోషం కూడా వచ్చింది. చావు కబురు విని సంతోషమేమిటని మీరు అడగవచ్చు. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. మదనపల్లెలో మా మగ్గాల వీధిలో పక్కింటాయన. పట్టుచీరలు నేసేవాడు. నేను ఆ వీధిలో పడుగులు అతికేదాన్ని, ఇప్పటికీ అదే పని. మగ్గం మీద పడుగు, అంటే నిలువు దారాలు, అయిపోవస్తే, మిగిలిన కొసలకు కొత్త పడుగు దారాలను ఒక్కొక్కటే మెలిపెట్టి కలపాలి. వేల దారాలుంటాయి. నా చేతిపని మీద నాకు కొంచెం పొగరు. పెద్దనాయనకు తన కంటి మీద అంతకంటే ఎక్కువ పొగరు. గడపలో కూర్చుని, లోపల మగ్గం మీద ఏ దారం తెగిందో చెప్పేవాడు. మేము దగ్గరికి పోయి వేళ్లతో వెతుక్కునేవాళ్లం.

ఆ కంటికి జత బీడీ. పట్టు దగ్గర నిప్పు పనికిరాదని గడప మీదికొచ్చి తాగేవాడు. బీడీ ఎప్పుడూ నోటికి కుడి మూలనే. పొగ తగులుతుందని కుడికన్ను గట్టిగా మూసుకుని, ఎడమకంటితో మగ్గం వైపు చూస్తూ పీల్చేవాడు. వీధిలో పిల్లలు ఒక పుల్ల నోట్లో పెట్టుకుని కుడికన్ను మూస్తే చాలు, అచ్చం పెద్దనాయనే అని అందరూ నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు.

ఒక సాయంత్రం ఆ గడప మీద నుంచే నన్ను కేకేశాడు.

"ఏం పాపా, మనసు యాడ పెట్టుకోని అతికినావు? పడుగు నడిమధ్యన వంకర్లు పోతాండాది సూడు!"

పోయి చూశాను. దారాలు నిటారుగా ఉన్నాయి. అదే చెప్పాను. "నా కండ్లు అబద్ధం సెప్తాయా?" అన్నాడు. ఆ కంటిని మా వీధిలో ఎవరూ కాదనరు. నడిమి దారాలన్నీ విప్పి మళ్లీ అతికాను. రెండు రోజులు పట్టింది. మర్నాడు మగ్గంలో కూర్చుని ఏ వంకా పెట్టకుండా నేశాడు. హమ్మయ్య అనుకున్నాను. సాయంత్రం బీడీ ముట్టించాడు, మళ్లీ అదే పాట. ఈసారి టీ అంగడిలో నలుగురి ముందు కూడా అన్నాడు, పాప చేతిపని చెడిపోయిందని. రెండిళ్లవాళ్లు నన్ను పనికి పిలవడం మానేశారు. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. దీని మీద మాత్రం నాకు ఇంకా కొంచెం ఉంది.

చిక్కుముడి విప్పింది ఆయన భార్య, మా పెద్దమ్మ. "పాపా, నేను నాలుగు దినాలుగా సూస్తాండాను. మగ్గంలో కూసుంటే ఈయనకు ఏ వంకరా కనపడదు. బీడీ నోట్లో పెడితేనే కనపడతాది. యాలనో, ఎందుకనో!"

బీడీ సెగకు పట్టు వంగుతోందేమో అన్నాడు పెద్దనాయన. అంత అనుభవం ఉన్న మనిషి నోట అంత తెలివితక్కువ మాట వినేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. చేయి చాపి నోట్లోంచి బీడీ లాగేశాను.

"ఇప్పుడు అట్లనే కుడికన్ను మూయి. ఎట్లుండాది?"

"వంకరే."

"అది తెరిచి ఎడమది మూయి."

మూశాడు. మెడ ముందుకు చాచి చూశాడు. "నేరుగా ఉండాది" అన్నాడు. మళ్లీ కన్ను మార్చాడు. మళ్లీ మార్చాడు. ఆయన ముఖంలో భయం చూడడం నాకదే మొదటిసారి. గెలిచింది నేనే, కానీ ఆ గెలుపు నాకేం వద్దనిపించింది.

ఆయన లేచి తిన్నగా టీ అంగడికి నడిచాడు. ఏ నలుగురి ముందు నన్ను అన్నాడో వాళ్లనే పిలిచి చెప్పాడు: "పాప పడుగు నేరుగానే ఉండాది. వంకర నా కంట్లో ఉండాదప్పా." ఆ ఒక్క మాటతో నా పని నాకు తిరిగొచ్చింది.

కుప్పంలో పెద్దాస్పత్రికి నేనే తోడు పోయాను. చుక్కలు వేసి, వెలుతురు పెట్టి చూసి డాక్టరమ్మ ఏదీ దాచకుండా చెప్పింది. కంటి వెనక నడిమధ్యన, దారమంత సన్నటివి చూసే చోటు పాడవుతోందట. వయసు మీద పడ్డాక వచ్చే జబ్బేనట, బీడీ మాత్రం దాన్ని తొందరపెడుతుందట. ఎడమకంటికి ఆలస్యమైంది, అందులో సన్నచూపు తిరిగి రాదు. కుడికంట్లో ఇప్పుడిప్పుడే మొదలవుతోంది.

"పొగ పోయేది గుండెల్లోకి కదమ్మా, కంటికి యాల పోతాది?" అన్నాడు పెద్దనాయన.

"పొగ నెత్తురులో కలుస్తుంది పెద్దాయనా. నెత్తురు పోని చోటు ఒంట్లో యాడుంది? మానితే ఈ కన్ను తప్పకుండా నిలుస్తాదని మాట ఇయ్యలేను. మానకపోతే మాత్రం దాన్ని మీ చేత్తో మీరే పోగొట్టుకున్నట్టు."

గళ్లు గీసిన కాగితం ఒకటి ఇచ్చి, రోజూ ఒక్కో కన్ను మూసి చూడమంది. గీత వంగితే ఆ రోజే రమ్మంది. "దీనికంటే పెద్దది మా ఇంట్లో ఉండాదిలేమ్మా" అని ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఎడమకంటిలో జబ్బు ఇంకా పాకకుండా సూదులు వేయించుకోవడానికి నెలనెలా కుప్పం పోవాలి. వచ్చేటప్పుడు బస్సు పుంగనూరులో పది నిమిషాలు ఆగుతుంది. మగవాళ్లందరూ దిగి బీడీలు ముట్టిస్తారు. మొదటిసారి పెద్దనాయనా దిగాడు. వాసనతో వచ్చి కూర్చుని, మదనపల్లె దాకా నా ముఖం చూడలేదు.

రెండోసారి బస్సు ఆగగానే ముందు సీటు ఇనుప కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నాడు. కిటికీలోంచి పొగ లోపలికి వస్తోంది. "డ్రైవరు వచ్చినాడా పాపా?" అన్నాడు. రాలేదన్నాను. కాసేపటికి మళ్లీ అడిగాడు, మళ్లీ అడిగాడు. ఇంజను మోగాక గానీ కడ్డీ వదలలేదు. ఊరి చివరి ఇళ్లు దాటగానే బస్సంతా వెనక్కి తిరిగి చూసేలా అరిచాడు: "పుంగనూరు దాటినాం పాపా!"

ఒక్క దాటుతో అయిపోలేదు. పెద్దమ్మ రెండుసార్లు దొడ్లో బీడీతో పట్టుకుంది. "మళ్లా పుంగనూరులో దిగినా" అని తలొంచుకుని ఒప్పుకునేవాడు. ఆ రెండూ అయ్యాక ఇంక దిగలేదు. మా వీధిలో ఎవరైనా బీడీ మానాలని చూస్తుంటే, పుంగనూరు దాటావా అని అడగడం అలా అలవాటైంది.

రోజూ పొద్దున మగ్గంలో దిగే ముందు గడప మీద కూర్చుని, బీడీ లేకుండా, ఒక కన్ను మూసి పడుగును చూసేవాడు, తర్వాత రెండోది. కొన్నేళ్లకు ఒక పొద్దున కుడికంట్లో ఒక్క దారం, ఒకే ఒక్కటి, కొంచెం వంగింది. పేక దారం తోలే నాడెను చేతిలోంచి కింద పెట్టేసి ఆ పూటే కుప్పం బస్సెక్కాడు. డాక్టరమ్మ చూసి, సరైన సమయానికి వచ్చారంది. ఈ కంట్లో కూడా సూది వేయాలనేసరికి తోడు పోయిన నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. ఆయన నవ్వాడు. "బీడీ మానేటప్పుడు పడిన బాధ ముందర ఇదొక సూదా!" నెలలు గడిచాక ఆ దారం నిటారుగా నిలబడింది. ఆయన గడప మీదినుంచి వీధి వీధంతా వినబడేలా నన్ను పిలిచి చూపించాడు, నాకేదో కనబడుతుందన్నట్టు! ఆ తర్వాత ఆయన నేసిన చీరలు ఎన్ని పెళ్లిళ్లలో మెరిశాయో నేను లెక్కపెట్టలేదు.

టీ అంగడి భాయ్‌నే ఆయన మార్చలేకపోయాడు. చిన్నప్పటి స్నేహితులు, బీడీ నేర్చుకున్నది కలిసే. రోజూ పొద్దున అదే బల్ల మీద కూర్చుని, బీడీ పట్టే చేతిలో టీ గ్లాసు పట్టుకుని, "నీకు పుంగనూరు ఎప్పుడొస్తాదప్పా?" అని అడిగేవాడు. "నా కండ్లు బాగనే ఉండాయిలేప్పా" అని భాయ్ ఆయన ముందే ముట్టించేవాడు.

పోవడానికి ముందురోజు, నేను చెల్లెలి ఇంటికి బయల్దేరే ముందు, పెద్దనాయన మగ్గం మీద నాలుగు దారాలు తెగాయి. నేను అతకబోతే నా చేయి పక్కకు నెట్టి, ఆ కుడికంటితోనే నాలుగూ తానే అతికాడు. బస్సులో నాకు కలిగిన సంతోషం అది. బీడీ అడిగిన కన్ను ఆయన బీడీకి ఇవ్వలేదు. చివరిదాకా తనే వాడుకున్నాడు.

కర్మ అయిన మర్నాడు భాయ్ మా గడప ముందుకొచ్చి నిలబడ్డాడు. లోపల నేను అతుకుతున్న పడుగు వైపు చూస్తూ ఒక కన్ను మూశాడు, తర్వాత రెండోది.

"నడిమధ్యన మసగ్గా ఉండాదమ్మా. కుప్పానికి తోడు వస్తావా?"

పోయిన సోమవారం వెళ్లాం. పోయేటప్పుడూ బస్సు పుంగనూరులో ఆగింది. అందరూ దిగారు. భాయ్ చేయి జేబులోకి పోయింది, సగం లేచాడు. కిటికీ పక్కనే ఒకాయన బీడీ ముట్టించి, పొగకు కుడికన్ను మూసుకుని నిలబడ్డాడు. భాయ్ ఆయన్నే చూస్తూ ఉండిపోయాడు. మెల్లగా కూర్చుని, ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"డ్రైవరు వచ్చినాడామ్మా?" అన్నాడు.