జమ్ములో దాక్కున్న ఆదివారం

దెయ్యాల మాట ఎత్తితే నవ్వేవాణ్ణి నేను. చిలకలూరిపేటలో హైస్కూల్లో లెక్కలు చెబుతాను. గాలి సోకిందనీ, ఎవరో కనపడ్డారనీ పిల్లలు అంటే క్లాసులోనే మందలించేవాణ్ణి. ఇది రాస్తున్నది కూడా ఎవర్నీ నమ్మించడానికి కాదు.

వెంకటేశ్వర్లు బాబాయ్ మాకు చుట్టం కాదు. మా పక్క వీధి. స్పిన్నింగ్ మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆదివారాలు ఇద్దరం నా బండి మీద ఊరి బయట వాగుకు వెళ్ళి గాలం వేసేవాళ్ళం.

ఒకసారి నా ఫోన్లో ఒక వీడియో చూపించాను. ఎక్కడో చలి దేశంలో, సన్నటి కొండవాగులో, ట్రౌట్ అనే చేపని ఈకలతో కట్టిన ఉత్తుత్తి పురుగుతో పడుతున్నారు. బాబాయ్ దాన్ని నాలుగుసార్లు చూశాడు. మర్నాటి సాయంత్రానికి చిన్న గాలపు ముల్లుకి మిల్లు దారం చుట్టి, తన ఎర్ర పుంజు మెడ ఈకని దాని మీద గుండ్రంగా తిప్పి కట్టుకొచ్చాడు. ఈకపోచలు బ్రష్షులా నిలబడ్డాయి. తడవకుండా కొవ్వొత్తి మైనం రుద్దాడు. నీళ్ళ మీద వేస్తే మునగలేదు. నిజం పురుగులాగే తేలుతూ పోయింది. మా వాగులో ట్రౌట్ ఎక్కడిది, పరిగెలే ఎగిరి అందుకున్నాయి. బాబాయ్ ఒడ్డున చంటిపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా ఒక్కటే అడిగేవాడు.

"ఒక్కసారి ఒడ్డున కూర్చోబెట్టండి మాస్టారూ. గాలం పట్టను, చూస్తా అంతే."

"వచ్చే ఆదివారం వెళ్దాం బాబాయ్" అనేవాణ్ణి. ఆటో మాట్లాడాలి, ఎత్తి దించాలి, మధ్యలో ఒంటికో రెంటికో వస్తే నేనే చూడాలి. రాయడానికి సిగ్గుగా ఉంది. నాకు అసహ్యం వేసింది. అసలు కారణం అదే.

ఒక ఆదివారం పొద్దున్నే ఒక్కణ్ణే వాగుకు వెళ్ళాను. గాలానికి ఆయన కట్టిన ఈకపురుగే ఉంది. అప్పుడే ఆయన దగ్గర్నుంచి ఫోన్.

"ఒంగోల్లో ఉన్నా బాబాయ్, పెళ్ళికొచ్చా" అన్నాను. "సరే మాస్టారూ" అని పెట్టేశాడు.

పది నిమిషాలు గడిచాయేమో. తలెత్తితే అవతలి ఒడ్డున బాబాయ్ కూర్చుని ఉన్నాడు. నీలం గళ్ళ లుంగీ, తల మీద తువ్వాలు. పడిపోయిన కుడి చేతిని ఎడమ చేత్తో ఒళ్ళో పట్టుకుని నీళ్ళకేసి చూస్తున్నాడు. మా మధ్య ఇరవై అడుగులు కూడా లేవు. బాగా ఎండగా ఉంది.

నాకు భయం వెయ్యలేదు. అబద్ధం దొరికిపోయిందనుకున్నాను. చటుక్కున ఒడ్డునే నిలువెత్తు పెరిగిన జమ్ము గడ్డిలోకి దూరి గొంతుక్కూర్చున్నాను. కాళ్ళు కొంకర్లు పోయేదాకా కదల్లేదు. చివరికి లేచి చూస్తే ఎవరూ లేరు. వాగు దాటి వెళ్ళి చూశాను. ఒడ్డంతా మెత్తటి బురద. ఒక్క అడుగు జాడ లేదు.

మంచం దిగలేని మనిషి ఎలా వస్తాడు, నేనే భ్రమపడ్డానని సర్దిచెప్పుకున్నాను. ఆ తర్వాత వాళ్ళింటికి వెళ్ళే ముఖం లేకపోయింది. తొమ్మిదో రోజున ఆయన పోయాడు.

దినాలయ్యాక ఆయన భార్య కోటమ్మ పిన్ని నన్ను పక్కకి పిలిచింది.

"ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోకండి మాస్టారూ. ఆ ఆదివారం మీతో ఫోన్ మాట్లాడి కళ్ళు మూసుకున్నాడు మీ బాబాయ్. కాసేపటికి తెరిచి, 'మాస్టారు జమ్ములో నక్కి కూర్చున్నారే, ఎర్ర చొక్కా వేసుకున్నారు. పాపం కాళ్ళు పట్టేస్తాయి, లెమ్మని చెప్పు' అన్నాడు. మీరేమన్నా వాగుకెళ్ళారా?"

ఆ ఎర్ర చొక్కా కొత్తది. ఆ రోజే మొదటిసారి వేసుకున్నాను. ఆయన దాన్ని చూసే వీలే లేదు.

"లేదు పిన్నీ. జబ్బులో మతి తప్పి ఏదో అని ఉంటాడు" అన్నాను.

"అంతేలెండి" అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

మంచంలో ఉన్న మనిషికి నేను ఎలా కనపడ్డానో, ఆయన నాకు ఎలా కనపడ్డాడో ఎంత ఆలోచించినా తేలడం లేదు. ఆయన మతి తప్పలేదని మాత్రం నాకు తెలుసు. ఆ మాట పిన్నికి ఇంతవరకూ చెప్పలేదు.